తొలితరం స్టంప్‌జంపర్: నలభై ఏళ్లు దాటిన మౌంటెన్ బైక్ ఇవాళ తొక్కడానికి ఎలా ఉంటుంది?

పాత మౌంటెన్ బైక్ కొనేవాళ్ల చూపు ముందు రంగు మీదకి, తర్వాత ఫ్రేము మీది పేరు మీదకి పోతుంది. అసలు చూడాల్సినవి హ్యాండిల్ కింది బేరింగు, వెనక ఇరుసు, సీట్ పోస్టు. ఈ మూడూ బాగుంటే 1980ల తొలినాళ్ల స్పెషలైజ్డ్ స్టంప్‌జంపర్ ఇవాళ్టికీ మట్టిదారి మీద పొద్దుటినుంచి సాయంత్రం దాకా హాయిగా తొక్కగలిగే బండి. ఈ సమీక్ష దాన్ని తొక్కుదామనుకునే వాళ్ల కోసం. అద్దాల బీరువాలో దాచుకునే వాళ్లకి ఇందులో సగం పనికిరాదు.

ముందు ఈ బండి ఎందుకు ఇలా ఉందో తెలియాలి. 1970ల్లో కాలిఫోర్నియాలోని మారిన్ కౌంటీలో, టామల్పైస్ కొండ చుట్టుపక్కల కుర్రాళ్లు పాత ష్విన్ కంపెనీ సైకిళ్లని వెతికి పట్టుకుని కొండ దిగేవాళ్లు. లావు టైర్లు, బరువైన ఫ్రేము, వెనక్కి తొక్కితే పడే కోస్టర్ బ్రేకు. ఫేర్‌ఫాక్స్ ఊరి పక్కన వాళ్లు పందెం పెట్టుకున్న దారి సుమారు రెండు మైళ్లలో 1,300 అడుగులు కిందికి పడుతుంది. కిందికి చేరేసరికి హబ్బు (చక్రం నడిబొడ్డు) కాలిపోయి, లోపలి గ్రీజు పొగై పోయేది. ప్రతి దిగుడు తర్వాతా హబ్బు విప్పి మళ్లీ గ్రీజు కూరాల్సి వచ్చేది కాబట్టి ఆ దారికి ‘రీప్యాక్’ అనే పేరు స్థిరపడింది. అక్కడ మొదటి పందెం 1976 అక్టోబరు 21న జరిగింది. ఆ మరుసటి ఏడు జో బ్రీజ్ ఈ పని కోసమే కొత్త ఫ్రేము కట్టాడు. 1979లో గ్యారీ ఫిషర్, చార్లీ కెల్లీ కలిసి టామ్ రిచీ చేసిన ఫ్రేములతో బళ్లు బిగించి అమ్మడం మొదలుపెట్టారు. చేత్తో చేసినవి కాబట్టి వాటి ధర వెయ్యి డాలర్లు దాటేది.

1974లో స్పెషలైజ్డ్ సంస్థ పెట్టిన మైక్ సిన్యార్డ్ 1981లో స్టంప్‌జంపర్ తెచ్చాడు. రూపకల్పన టిమ్ నీనన్‌ది, తయారీ జపాన్‌లో, ధర 750 డాలర్లు. కార్ఖానాలో పెద్ద సంఖ్యలో తయారై దుకాణాలకి చేరిన తొలి మౌంటెన్ బైక్‌గా దీన్నే చెబుతారు. స్మిత్సోనియన్ మ్యూజియం సేకరణలోనూ ఒకటుంది. అప్పటికి మౌంటెన్ బైక్ కోసం ప్రత్యేకంగా విడిభాగాలు చేసేవాళ్లే లేరు. అందుకని బ్రేకు లీవర్లు మోటార్‌సైకిల్ నుంచి, హ్యాండిల్ బీఎంఎక్స్ (మట్టి పందేల చిన్న సైకిళ్లు) నుంచి, 15 గేర్ల సరంజామా యూరప్ టూరింగ్ సైకిళ్ల నుంచి వచ్చాయి. క్రాంకులు (పెడళ్లు తగిలించే చేతులు) ఫ్రాన్సు టీఏ కంపెనీవి, బ్రేకులు మఫాక్, వెనక డీరైలర్ (చైనుని ఒక పళ్ల చక్రం నుంచి ఇంకోదానికి జరిపేది) హ్యూరే డ్యూయోపార్, గేర్ మీటలు జపాన్ సన్‌టూర్. ఈ కలగాపులగమే దీని అందం. రిపేరు చేయబోతే కష్టమూ ఇందులోంచే వస్తుంది. ఒక్కో దేశం కొలత ఒక్కోలా ఉంటుంది. ఒకదానికి పనికొచ్చిన పనిముట్టు పక్కదానికి పనికిరాదు, పైగా దాన్ని పాడు చేస్తుంది.

తొక్కుడు సంగతి. బరువు 13 కిలోల చుట్టుపక్కల. సస్పెన్షన్ ఏమీ లేని బండికి ఇది ఈనాటి లెక్కలో ఎక్కువే, అయినా ఆ బరువు నడకలో అంతగా తెలియదు. చక్రాల మధ్య దూరం ఎక్కువ, వెనక చైన్‌స్టేలు (పెడళ్ల దగ్గర్నుంచి వెనక ఇరుసు దాకా పోయే గొట్టాలు) పొడవు, ముందు ఫోర్కు బాగా వాలి ఉంటుంది. రాళ్లూ గులకల మీద వేగంగా దిగుతున్నప్పుడు ఈ బండి చూపించే నిలకడ చాలా గొప్పది. చేతులు వదులుగా పెట్టుకుంటే చాలు, తన దారి తనే చూసుకుంటుంది. రీప్యాక్ లాంటి దారుల్లో దిగిన అనుభవమంతా ఆ కొలతల్లో ఉంది.

ఎక్కుడులో లెక్క మారుతుంది. కూర్చుని తొక్కితే ముందు చక్రం లేవదు, బుద్ధిగా ఎక్కుతుంది. లేచి నిలబడి తొక్కితే మాత్రం వెనక చక్రం జారుతుంది. చైన్‌స్టే పొడవు కావడంతో వెనక చక్రం మన బరువుకి దూరంగా ఉంటుంది, లేచి నిలబడగానే దాని మీద భారం ఇంకా తగ్గుతుంది. కాబట్టి సీటు ముక్కు మీదకి జరిగి, మోచేతులు కిందికి వంచి, కూర్చునే ఎక్కాలి. ఇరుకు మలుపుల్లో, నడక వేగంలో, ముందు చక్రం పక్కకి వాలిపోతున్నట్టు ఉంటుంది. వాలిన ఫోర్కు స్వభావమే అది, లోపం కాదు. రెండు మూడు రోజుల్లో చేతులు అలవాటు పడతాయి.

గేర్ల విషయంలో ఈ బండి మీద మనసు పడకుండా ఉండటం కష్టం. బొటనవేలితో తోసే సన్‌టూర్ మీటకి టిక్కు టిక్కుమని ఆగే గేరు స్థానాలు లేవు, వేలు ఎక్కడ ఆపితే అక్కడ నిలుస్తుంది. గేరు సరిగ్గా పడిందా లేదా అన్నది చెవి చెబుతుంది. పెద్ద పళ్ల చక్రం మీదకి ఎక్కించేటప్పుడు మీటని కాస్త ఎక్కువ తోసి, చైను ఎక్కగానే ఒక వెంట్రుకవాసి వెనక్కి తేవాలి. ఆ క్షణంలో పెడల్ మీద బలం తగ్గించాలి, తొక్కడం మాత్రం ఆపకూడదు. ఇది చేతికి పట్టుబడ్డాక కేబుల్ సాగినా, డీరైలర్ తగిలించిన కొక్కెం కొంచెం వంగినా, బురద పట్టినా గేర్లు పడుతూనే ఉంటాయి. టిక్కుమని ఆగే ఇండెక్స్ గేర్లలో ఒక మిల్లీమీటరు తేడా వస్తే దారంతా గరగరే. ముందు 26 పళ్లు, వెనక 28 పళ్లు ఉన్న జత మీద పెడల్ ఒక చుట్టు తిరిగితే చక్రం ఒక చుట్టు కూడా పూర్తిగా తిరగదు. నిటారు ఎక్కుడుకీ అది చాలు. డ్యూయోపార్ డీరైలర్ విశాలమైన గేర్లని భలే సాఫీగా మారుస్తుంది కానీ సున్నితం. బండి కుడివైపుకి పడితే వంగుతుంది, కీళ్లు అరిగితే పక్కకి ఊగుతుంది. కొనేముందు కింది చిన్న చక్రాన్ని రెండు వేళ్లతో పట్టుకుని పక్కకి కదిపి చూడండి. మూడు నాలుగు మిల్లీమీటర్లు ఊగితే, ఎంత సర్దినా గేరు నిలవదు.

బ్రేకులు దీని బలహీనత. పొడి నేల మీద, సరిగ్గా సర్దిన మఫాక్ కాంటిలీవర్లు (రిమ్ముకి రెండువైపులా విడివిడి చేతులుండే బ్రేకులు) నమ్మకంగానే ఆపుతాయి. తడి రిమ్ము మీద మొదటి ఒకటి రెండు చుట్లు ఏమీ జరగదు, నీళ్లు తుడుచుకుపోయాకే పట్టు దొరుకుతుంది. దాన్ని దృష్టిలో పెట్టుకునే దిగాలి. నలభై ఏళ్ల నాటి రబ్బరు దిమ్మలు రాయిలా గట్టిపడి ఉంటాయి. చూడ్డానికి కొత్తగా ఉన్నా వాటిని మార్చాల్సిందే. మఫాక్‌కి కావాల్సినవి మర లేని నున్నటి కాడ ఉన్న దిమ్మలు. మర కాడ ఉన్నవి తెచ్చి ఇరికించకండి, తొక్కుతుండగా తిరిగిపోతాయి.

దిమ్మ బిగించేటప్పుడు ముందు అంచు రిమ్ముకి ముందుగా తగిలేలా, వెనక అంచు దగ్గర ఒక మిల్లీమీటరు సందు ఉండేలా పెట్టండి. ఇంత చిన్న వాలు ఇవ్వకపోతే బ్రేకు పట్టినప్పుడు కీచుమనే అరుపు అర మైలు వినపడుతుంది. వాలు కుదిరేదాకా దిమ్మ వెనక అంచు కింద మడిచిన అట్ట ముక్క పెట్టి బిగిస్తే చెయ్యి జారదు. ఇంకొకటి గుర్తుంచుకోవాలి. కాంటిలీవర్ దిమ్మ అరిగేకొద్దీ రిమ్ము మీద కిందికి, స్పోకుల వైపు జరుగుతుంది. వదిలేస్తే ఏదో ఒకరోజు రిమ్ము కిందికి దూరి చక్రంలో చిక్కుకుంటుంది. కాబట్టి కొత్త దిమ్మలని రిమ్ము పై అంచుకి దగ్గరగా పెట్టండి, టైరుకి మాత్రం తగలకూడదు.

రెండు బ్రేకు చేతుల్నీ కలిపే అడ్డ కేబుల్ ఎంత కిందికి, ఎంత చదునుగా ఉంటే బ్రేకు అంత బలంగా పడుతుంది, కానీ లీవరు అంత ఎక్కువ దూరం నొక్కాలి. లీవరు హ్యాండిల్‌కి తగిలేలోపు బ్రేకు పూర్తిగా పట్టేంతవరకే కిందికి దించండి. ఇందులో ఒక ప్రమాదం ఉంది. ముందు బ్రేకు ప్రధాన కేబుల్ తెగితే ఆ అడ్డ కేబుల్ టైరు మీద పడుతుంది. ముళ్ల టైరు దాన్ని పట్టుకుని లాగిందంటే చక్రం అక్కడికక్కడే బిగుసుకుపోతుంది, మనిషి హ్యాండిల్ మీదుగా ఎగిరి పడతాడు. ఫోర్కు తల దగ్గర రిఫ్లెక్టర్ పట్టీ పెట్టేది వెలుగు కోసమే కాదు, ఆ కేబుల్‌ని టైరు మీద పడకుండా ఆపడానికి కూడా. అందం చెడిందని దాన్ని పీకేసిన బండ్లు చాలా కనిపిస్తాయి. మళ్లీ పెట్టించండి, లేదంటే ముందు మడ్‌గార్డ్ అయినా ఉంచండి. మోటార్‌సైకిల్ తరహా లీవర్లకి కేబుల్ కొనేటప్పుడు చివరి గుండు ఆకారం, మందం పాతదానితో పోల్చి చూసుకోండి. వదులుగా కూర్చున్న గుండు దగ్గరే కేబుల్ పోగులు ఒక్కొక్కటిగా తెగుతాయి.

ఇక విప్పుడు పని. పాత బండి కొన్నాక తొక్కేముందు మొత్తం విప్పాలి, మధ్యేమార్గం లేదు. లోపలి గ్రీజు ఈపాటికి మైనంలా గడ్డకట్టి ఉంటుంది. చక్రం తిప్పితే నిశ్శబ్దంగానే తిరుగుతుంది, ఆ నిశ్శబ్దాన్ని నమ్మకండి.

అన్నిటికంటే ఎక్కువ చెప్పాల్సింది హెడ్‌సెట్, అంటే హ్యాండిల్ కింది బేరింగు గురించి. ముందు చక్రాన్ని నేల మీంచి లేపి హ్యాండిల్‌ని మెల్లగా అటూ ఇటూ తిప్పండి. సరిగ్గా మధ్యకి రాగానే గాడిలో పడ్డట్టు ‘టక్’మని ఆగితే కప్పుల్లో గుంటలు పడ్డాయని అర్థం. దెబ్బలకి గోళీలు గుచ్చుకుని ఈ గుంటలు పడతాయని చాలామంది అనుకుంటారు. నిజానికి నేరుగా తొక్కుతున్నంతసేపూ గోళీలు ఒకే చోట ఉండి, అతి సన్నగా కదులుతూ, తమ కింది గ్రీజుని పక్కకి నెట్టేస్తాయి. పొడిబారిన ఇనుము ఇనుముని నాకేస్తుంది. అందుకే గుంటలు ఎక్కువగా కింది కప్పులోనే, అదీ హ్యాండిల్ నేరుగా ఉండే స్థానంలోనే కనిపిస్తాయి.

గుంటలు లోతుగా లేకపోతే బాగుచేసే ఉపాయం ఉంది. కింది బేరింగులో పంజరంలో కూర్చున్న గోళీలని తీసేసి, అదే కొలత విడి గోళీలు నింపండి. వృత్తం నిండా పేర్చి, ఒక గోళీ పట్టేంత ఖాళీ వదలండి. సంఖ్య మారడంతో అన్ని గోళీలూ ఒకేసారి పాత గుంటల్లో పడవు, హ్యాండిల్ మళ్లీ సాఫీగా తిరుగుతుంది. లేదా కింది కప్పుని ఊడదీసి పావు చుట్టు తిప్పి మళ్లీ కొట్టండి. రెండూ చేసినా టక్ పోకపోతే కొత్త హెడ్‌సెట్ తప్పదు. కొనేముందు వెర్నియర్‌తో రెండు కొలతలు తీసుకోండి. ఫోర్కు మీద కూర్చునే రింగు చోటు 26.4 మిల్లీమీటర్లా, 27.0నా? ఫ్రేములో కప్పు చోటు 30.2నా, 30.0నా? జపాన్ తయారీ ఫ్రేముల్లో 27.0, 30.0 జత తరచుగా కనిపిస్తుంది. ఒక అంగుళం హెడ్‌సెట్ అంటే అన్నీ ఒకటే అనుకుని 30.2 కప్పుని 30.0 చోట్లో సుత్తితో దిగ్గొడితే హెడ్ ట్యూబ్ (ఫ్రేము ముందరి పొట్టి గొట్టం) పగులుతుంది. హ్యాండిల్‌ని పట్టి ఉంచే స్టెమ్ మార్చే ఆలోచన ఉంటే ఫోర్కు గొట్టం లోపలి వ్యాసం కూడా చూసుకోండి. మామూలు స్టెమ్ 22.2, బీఎంఎక్స్ స్టెమ్ 21.1. చిన్నదాన్ని పెద్ద గొట్టంలో పెట్టి ఎంత బిగించినా ముందు చక్రం ఒకవైపు, హ్యాండిల్ ఒకవైపు పోతాయి. కొన్ని బండ్లకి స్టెమ్, హ్యాండిల్ ఒకే ముక్కగా త్రికోణంలా ఉండే బుల్‌మూస్ వస్తుంది. ఎంతో గట్టిది, చూడముచ్చటగా ఉంటుంది. పొడవు గానీ వంపు గానీ సర్దడానికి మాత్రం వీల్లేదు. మీ చేతులకి సరిపోతుందో లేదో కొనేముందే తెలుసుకోండి.

సర్దిన తర్వాత పరీక్ష ఇలా చేస్తారు. ముందు బ్రేకు గట్టిగా పట్టి, ఎడమచేతి వేలు కింది కప్పుకీ ఫోర్కుకీ మధ్య సందులో పెట్టి, బండిని ముందుకీ వెనక్కీ ఊపండి. వేలికి చిన్న టకటక తెలిసినా ఇంకా లూజుగా ఉన్నట్టే.

హబ్బులు. సీల్డ్ (మూసేసిన) బేరింగులుంటే గరగరమన్నవాటిని మార్చేస్తే అయిపోయింది. కప్పు, కోన్ (ఇరుసు మీది శంకువు) ఉన్నవైతే సాధారణంగా వెనక హబ్బులో ఒక్కోవైపు పావు అంగుళం గోళీలు తొమ్మిదేసి, ముందు హబ్బులో 3/16 అంగుళం గోళీలు పదేసి ఉంటాయి. విప్పేటప్పుడే లెక్కపెట్టి రాసుకోండి. కిరోసిన్‌లో కడిగాక కోన్ మీద, గోళీ నడిచే మెరుపు గీత వెంట, బాల్ పెన్ మొన మెల్లగా జరపండి. కంటికి కనపడని గుంటని కూడా పెన్ను మొన పట్టేస్తుంది. అక్కడ చెయ్యి తడబడితే ఆ కోన్ పని అయిపోయింది, కొత్తది వేయండి. గోళీలు ఎలాగూ చవక, మొత్తం మార్చండి. కప్పులో సగం దాకా గ్రీజు నింపి, గోళీలు పేర్చి, కోన్ బిగించేటప్పుడు కొంచెం లూజు వదలండి. క్విక్ రిలీజ్ (పనిముట్టు లేకుండా చక్రం బిగించే) మీట మూయగానే ఇరుసు ఒక సూదిమొనంత కుదించుకుపోయి ఆ లూజు తీరుతుంది. విప్పిన చక్రంలో లూజు లేకుండా బిగిస్తే, ఫ్రేములో పెట్టి మీట మూశాక గోళీలు నలిగిపోతాయి. కొత్తగా నేర్చుకునేవాళ్లు ఎక్కువగా చేసే తప్పు ఇదే.

వెనక ఇరుసుని ప్రత్యేకంగా చూడాలి. ఫ్రీవీల్ (వెనక పళ్ల చక్రాల గుత్తి) ఎక్కే హబ్బులో కుడివైపు బేరింగు ఫ్రీవీల్‌కి లోపలివైపు ఉంటుంది. అక్కడినుంచి ఫ్రేము దాకా ఇరుసు ఆధారం లేకుండా బయటికి పొడుచుకు ఉంటుంది. గతుకుల్లో ఆ బరువంతా అక్కడ పడి ఇరుసు వంగుతుంది, చివరికి విరుగుతుంది. ఇరుసు తీసి అద్దం పలక మీద దొర్లించండి, వంకర ఉంటే వెంటనే తెలుస్తుంది. క్రోమోలీ (గట్టి మిశ్రమ ఉక్కు) ఇరుసు కొత్తది వేసుకుంటే సరి.

దానికి ముందు ఫ్రీవీల్ ఊడాలి. సన్‌టూర్ ఫ్రీవీల్‌కి రెండు గాళ్ల పనిముట్టో, నాలుగు గాళ్ల పనిముట్టో కావాలి. రెండు గాళ్లదైతే జారే గుణం ఎక్కువ. పనిముట్టుని గాళ్లలో పెట్టి, దాని మీద ఇరుసు నట్టునో క్విక్ రిలీజ్ కడ్డీనో వేసి ఒత్తి పట్టేలా బిగించండి. తర్వాత పెద్ద వైస్‌లో పనిముట్టుని పట్టించి చక్రాన్నే ఎడమవైపుకి తిప్పండి. మొదటి అర చుట్టు వదలగానే ఆ నట్టు తీసేయండి, లేకపోతే అదే అడ్డుపడుతుంది. గాడి ఒకసారి చెదిరితే ఆ ఫ్రీవీల్‌ని ముక్కలుగా విప్పి తీయడం తప్ప దారి ఉండదు.

టీఏ క్రాంకు దగ్గర ఎన్నో మంచి బండ్లు పాడయ్యాయి. మామూలు క్రాంకు పుల్లర్ (క్రాంకుని ఊడదీసే పనిముట్టు) మర 22 మిల్లీమీటర్లు, టీఏది 23. 22ది పెడితే వదులుగా ఎక్కుతుంది, సరిపోయినట్టే ఉంటుంది. బలం పెట్టగానే అల్యూమినియం మర మొత్తం చీల్చుకుని బయటికి వస్తుంది. 23 పుల్లర్ దొరికేదాకా క్రాంకు జోలికి వెళ్లకండి. పెట్టేముందు మరలో మట్టి పళ్లపుల్లతో గోకి తీసి, ఒక చుక్క నూనె వేసి, పుల్లర్ చివరిదాకా చేత్తోనే ఎక్కేలా చూసుకోండి.

లోపల బాటమ్ బ్రాకెట్ (క్రాంకుల మధ్య బేరింగు) ఇంగ్లిష్ కొలతదై ఉంటే అది కూర్చునే ఫ్రేము గొట్టం (షెల్) వెడల్పు 68 మిల్లీమీటర్లు. చైను వైపు కప్పు మర తిరగేసి ఉంటుంది, కుడివైపుకి తిప్పితే వదులవుతుంది. ఇది మర్చిపోయి మీటరు పొడవు పైపు వేసి ఇంకా బిగించేసిన కప్పులు ఉన్నాయి. ఒక్కోవైపు పావు అంగుళం గోళీలు పదకొండు. లాక్ రింగు బిగించేటప్పుడు అది కప్పుని కూడా తనతో కొద్దిగా తిప్పుతుంది కాబట్టి ముందే ఇసుమంత వదులు ఉంచుకోవాలి. పాడైతే సీల్డ్ కార్ట్రిడ్జ్ వేసుకోవచ్చు, సిగ్గుపడాల్సిన పనేమీ లేదు. ఇరుసు పొడవు మాత్రం పాతదానికి సరిపోవాలి. పొట్టిదైతే చిన్న చైన్‌రింగు ఫ్రేముని రాసుకుంటుంది.

సీట్ పోస్ట్ అల్యూమినియం, ఫ్రేము ఉక్కు. ఈ రెంటి మధ్య చెమ్మ చేరి ఏళ్ల తరబడి కదపకపోతే ఒకదానికొకటి అతుక్కుపోతాయి. అమ్మేవాళ్ల ఎదుటే సీటుని ఒక అంగుళం దించి లేపి చూపించమనండి. కదలకపోతే ధర బాగా తగ్గాలి, లేదంటే వదిలేయండి. ఇంటికి తెచ్చాక పట్టేస్తే, బండిని తలకిందులుగా నిలబెట్టి, బాటమ్ బ్రాకెట్ విప్పి, ఆ కన్నంలోంచి సీటు కింది గొట్టం (సీట్ ట్యూబ్) లోకి తుప్పు వదిలించే నూనె పోయండి. రోజుకి రెండుసార్లు చొప్పున వారం పాటు పోయాలి. ఆ తర్వాత సీటు తీసేసి, పోస్టు తలని బల్లకి బిగించిన వైస్‌లో పట్టించి, ఫ్రేముని రెండు చేతులతో మెల్లగా తిప్పండి. ఫ్రేమే మీ చేతిలో పెద్ద పానా. కిర్రుమన్న మొదటి చప్పుడు వినగానే ఆగి మళ్లీ నూనె వేయండి, ఆత్రపడితే సీట్ ట్యూబ్ మెలిపడుతుంది.

ఫ్రేము విషయంలో ఒకే ఒక్క చోట మీ చూపు ఆగాలి. కింది గొట్టం హెడ్ ట్యూబ్‌ని కలిసే చోటుకి ఒక అంగుళం వెనక, గొట్టం అడుగున బొటనవేలు రాయండి. అక్కడ చిన్న ఉబ్బు తగిలినా, రంగు ముడతపడినట్టు ఉన్నా బండి ఎప్పుడో దేన్నో ఎదురుగా గుద్దింది. అలాంటి ఫ్రేము ఎంత చవకగా వచ్చినా వద్దు. ఫోర్కుని పక్కనుంచి చూస్తే హెడ్ ట్యూబ్ గీతకీ ఫోర్కు పైభాగం గీతకీ తేడా ఉండకూడదు. వెనక భాగం సూటిగా ఉందో లేదో తెలుసుకోవడానికి ఒక దారం చాలు. ఒక డ్రాపవుట్ (ఇరుసు కూర్చునే గాడి) దగ్గర కట్టి, హెడ్ ట్యూబ్ చుట్టూ తిప్పి, రెండో డ్రాపవుట్‌కి లాగి కట్టండి. సీట్ ట్యూబ్‌కీ దారానికీ మధ్య దూరం రెండువైపులా సమానంగా ఉండాలి. ఒక మిల్లీమీటరు తేడా పర్వాలేదు, మూడు దాటితే సరిచేయించాలి.

చక్రాల దగ్గర మాత్రం అదృష్టం మనవైపే ఉంది. 26 అంగుళాల లావు టైరు కొలతని ష్విన్ 1933లోనే అమెరికాలో తెచ్చింది. ఆ 559 మిల్లీమీటర్ల రిమ్ముకి టైర్లు ఇప్పటికీ కొత్తవి దొరుకుతాయి. పాత టైర్లు పైకి బాగున్నా పక్కగోడలు ఎండి బీటలు వారి ఉంటాయి, గాలి కొట్టగానే చీలతాయి. ఈ బండికి సస్పెన్షన్ అంటే టైరులోని గాలే. 70 కిలోల మనిషికి 2.1 అంగుళాల టైరులో 30 నుంచి 35 పీఎస్‌ఐ మంచిది. 45 పెడితే చేతులు తిమ్మిరెక్కుతాయి, 25కి దిగితే రాయి తగిలినప్పుడు ట్యూబు రిమ్ముకి నలిగి పక్కపక్కనే రెండు చిల్లులు పడతాయి. బెండు తీయించేముందు ప్రతి స్పోకు నిపిల్‌కీ (రిమ్ము దగ్గరి చిన్న నట్టు) నూనె చుక్క వేసి ఒక రాత్రి ఉంచండి. తుప్పు పట్టిన నిపిల్‌ని ఎండుగా తిప్పితే స్పోకు పుటుక్కుమంటుంది.

చైను కొలవడానికి సాధారణ స్కేలు చాలు. ఒక పిన్ను నుంచి లెక్కిస్తే కచ్చితంగా 12 అంగుళాల దగ్గర మరో పిన్ను రావాలి. అంగుళంలో పదహారో వంతు దాటితే చైను మార్చండి. ఎనిమిదో వంతు దాటితే ఫ్రీవీల్ పళ్లు కూడా కొక్కేల్లా అరిగి ఉంటాయి, కొత్త చైను వేస్తే ఎగిరెగిరి పడుతుంది, రెండూ కలిపి మార్చాలి. ఇప్పటి ఎనిమిది గేర్ల చైను ఈ పాత ఫ్రీవీళ్ల మీద చక్కగా నడుస్తుంది.

ఏవి మార్చాలి, ఏవి వదలాలి? కేబుళ్లు, బ్రేకు దిమ్మలు, టైర్లు, చైను, గోళీలు అన్నీ కొత్తవి వేయండి. రంగు మాత్రం ముట్టుకోకండి. గీతలున్న అసలు రంగు ముందు మెరిసే కొత్త రంగు దిగదుడుపే. వీ-బ్రేకు (పొడవు చేతుల కొత్త తరహా రిమ్ము బ్రేకు) పెడదామనే ఆలోచన రాకమానదు. అందులో రెండు చిక్కులున్నాయి. పాత ఫోర్కు మీది బ్రేకు మేకులు ఇరుకుగా ఉంటాయి, కొత్త బ్రేకు చేతులు సరిగ్గా నిలబడవు. పైగా పాత లీవరు లాగే కేబుల్ వీ-బ్రేకుకి సరిపోదు, లీవరు హ్యాండిల్‌కి తగిలేదాకా నొక్కాల్సి వస్తుంది. సరిగ్గా సర్దిన కాంటిలీవర్లతోనే ఉండటం మేలు. చక్రాలు మార్చేవాళ్లు వెనక వెడల్పు కొలవండి. వెనక ఐదారు పళ్ల చక్రాలున్న కాలపు ఫ్రేములు సాధారణంగా 120 లేదా 126 మిల్లీమీటర్లు, ఏడు చక్రాలవి 130, తర్వాతివి 135. ఉక్కు ఫ్రేముని 126 నుంచి 130కి విప్పారించడం తెలిసిన మెకానిక్కుకి చిన్న పని. 135 దాకా లాగాలంటే డ్రాపవుట్లని మళ్లీ సమాంతరం చేయాలి, లేకపోతే ఇరుసులు వరసగా విరుగుతాయి.

తొలితరం స్టంప్‌జంపర్ దొరకకపోయినా, ధర అందకపోయినా 1989 నుంచి 1992 మధ్య వచ్చిన సస్పెన్షన్ లేని ఉక్కు బండ్లు చూడండి. రాక్‌షాక్స్ సస్పెన్షన్ ఫోర్కు 1989లోనే వచ్చినా, ఎక్కువ బండ్లు అప్పటికింకా గట్టి ఫోర్కుతోనే ఉన్నాయి. వీటి హ్యాండిల్ తీరు చురుకు, గేర్లు ఇండెక్స్, షిమానో డియోర్ ఎక్స్‌టీ భాగాలు దశాబ్దాలు నడుస్తాయి. అప్పటి బొటనవేలి మీటల్లో ఇండెక్స్ తీసేసి పాత పద్ధతిలోకి మార్చుకునే వీలు కూడా ఉంటుంది. దిగుడులో తొలితరం బండి ఇచ్చే ఆ నింపాది మాత్రం వీటిలో ఉండదు. 1986 నుంచి 1988 దాకా వచ్చిన బండ్లతో కొంచెం జాగ్రత్త. అప్పట్లో వెనక యూ-బ్రేకుని చైన్‌స్టేల అడుగున పెట్టడం ఫ్యాషన్. బురదంతా అక్కడే పేరుకుంటుంది. దాని దిమ్మలు అరిగేకొద్దీ పైకి, టైరు వైపు జరిగి పక్కగోడని కోసేస్తాయి. ఆ ఫ్రేముల్లో బ్రేకు మేకులు వేరే ఎత్తులో ఉంటాయి కాబట్టి అక్కడ కాంటిలీవరు పట్టదు.

అన్నీ బిగించాక మొదటిసారి తొక్కి వచ్చిన వెంటనే క్రాంకు బోల్టులు రెండూ మళ్లీ బిగించండి, 50 కిలోమీటర్ల తర్వాత ఇంకోసారి. చతురస్రపు ఇరుసు మీద అల్యూమినియం క్రాంకు తొలి తొక్కుల్లో ఇంకాస్త లోపలికి కూర్చుంటుంది, బోల్టు వదులవుతుంది. ఎడమ పెడల్ తొక్కినప్పుడల్లా చిన్న ‘టిక్కు’ వినిపిస్తే అక్కడే దిగి బండి నడిపించుకుని రండి. వదులు క్రాంకుతో ఇంకో పది కిలోమీటర్లు తొక్కితే చతురస్రపు కన్నం గుండ్రంగా అరిగిపోతుంది, ఆ తర్వాత ఎంత బిగించినా నిలవదు. ఎనిమిది మిల్లీమీటర్ల అలెన్ కీనో, మీ బోల్టుకి సరిపోయే సాకెట్టునో సీటు కింద సంచీలో వేసుకోకుండా ఈ బండి బయటికి తీయకండి.